నీలం కార్డు పిల్లలు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తప్పు చేయరు. పెళ్లయి పంతొమ్మిదేళ్లయింది, ఒక్క తప్పు చేసిన పాపాన పోలేదు. బస్సు వెళ్లిపోతే అది డ్రైవరు తొందర. గొడుగు మరిచిపోయి తడిసి వస్తే అది వానకు వేళాపాళా లేకపోవడం. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుని ఆఫీసంతా తిరిగొస్తే, అది కుట్టినవాడికి లెక్క రాకపోవడం. ఇలాంటి మనిషితో కాపురం నిజానికి హాయిగానే సాగుతుంది, ఇంట్లో జరిగే తప్పులన్నీ తన మీద వేసుకోవడానికి ఇంకొక మనిషి సిద్ధంగా ఉంటే. ఆ ఉద్యోగం నాది. సెలవుల్లేవు.

పోయిన వారం ఈ కథ చెబుతూ, పిల్లల్ని తూచే తూకం అక్కను మా గుమ్మంలోనే నిలబెట్టి నా మానాన నేను వెళ్లిపోయాను. పాపం ఏడు రోజులుగా ఆవిడ చంకలో గుడ్డసంచితో అక్కడే ఉంది. లోపలికి రానిద్దాం. రానిచ్చే ముందు, ఇప్పుడే వచ్చి కూర్చున్నవారికి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను.

మా ఆయన పిల్లల ఆరోగ్యం చూసే ఆఫీసులో లెక్కలు కట్టే మనిషి. ఆ ఆఫీసు వారికి పేటకొక కేంద్రం ఉంది. చిన్నపిల్లల్ని అక్కడ తూస్తారు. కొందరికి తెల్లకార్డు: నెలకోసారి వచ్చి తూయించుకుని పోవడమే. కొందరికి నీలం కార్డు: వారం వారం రావాలి, వచ్చినప్పుడల్లా ఒక బలం పిండి పొట్లం ఇస్తారు. నిరుడు మా ఆయన పదకొండు కేంద్రాల కార్డులు ముందేసుకుని ఒక విషయం కనిపెట్టారు. రెండేళ్లు నిండేసరికి నీలం కార్డు పిల్లలు తెల్లకార్డు పిల్లలకంటే కిలోంపావు తక్కువ తూగుతున్నారు. పిండి తిన్నవాళ్లు తిననివాళ్లకంటే సన్నం! పిండి పొట్ట నింపేస్తోంది, పిల్లలు ఇంటి తిండి ముట్టడం లేదు, అందుకే చిక్కిపోతున్నారు అని నివేదిక రాశారు. పైవాళ్లకు అది ఎంత నచ్చిందంటే, ఖర్చు తగ్గించే మాట ఎవరికి చేదు, నెల తిరక్కుండా ఆ పదకొండు కేంద్రాల్లోనూ పిండి ఆపేశారు, వారం తూకం ఆపేశారు, మా ఆయనకు ఒక గోడగడియారం బహుమానంగా ఇచ్చారు. అది ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుంటుంది. తప్పు గడియారానిది.

ఇది జరిగి పది నెలలు. మా ఆడపడుచు కూతురు, మేమంతా పిచ్చుక అని పిలిచే ఇరవై నెలల పిల్ల, ఆరు రోజులుగా పిల్లల వార్డులో ఉంది. పిచ్చుకది నీలం కార్డు.

ఇక అక్కను లోపలికి పిలుస్తున్నాను.

ఆవిడ కుర్చీ చివర, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది. పద్దెనిమిదేళ్లు పిల్లల్ని తూచిన మనిషి. వారం తూకం పోయాక ఆవిడను ఆఫీసు కింది అంతస్తులో కవర్లు అంటించే బల్ల దగ్గర వేశారు. కిటికీ పక్కన మా అత్తయ్య మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. పక్కనే ఆవిడ చేతికర్ర. మా ఆయన ఆసుపత్రికి తీసుకెళ్లాలని కొన్న రబ్బరు బాతును చేతిలో పట్టుకుని ముందుగదిలోకి వచ్చారు. ఆరు రోజుల్లో అది నాలుగో బొమ్మ. పిచ్చుక ఒక్కదాన్నీ ముట్టలేదు.

"సార్, మీకొకటి చూపించి పోదామని వచ్చాను" అంది తూకం అక్క.

నేను రిజిస్టరు తీస్తుందనుకున్నాను. ఆవిడ సంచిలోంచి ఒక ఎర్రదారం తీసి బల్లమీద పెట్టింది. జానెడు పొడుగు. రెండు ముడులు. వాడి వాడి నలుపు తిరిగింది.

"ఏంటిది?" అన్నారు మా ఆయన.

"కార్డు రంగు, సార్."

ఆయనకు అర్థం కాలేదు. నాకు అయింది. అయిందని ఒప్పుకోవడానికి ఇంకా చాలా సేపు పట్టింది, అది వేరే సంగతి.

"పిల్ల జబ్బకి ఇది చుడతాను. ఈ ముడీ ఆ ముడీ కలిశాయంటే పిల్ల మరీ సన్నం, నీలం కార్డు రాస్తాను. కలవలేదంటే తెల్లది."

"అలా అని ఎవరు చెప్పారు మీకు? నిబంధనల పుస్తకంలో తల్లి అడిగితే నీలం కార్డు ఇవ్వాలని ఉంది."

"ఉంటుంది సార్. ఊరికే వచ్చే పిండిని అడగని తల్లెవరు? వారానికి మాకొచ్చేవి నలభై పొట్లాలు. పిల్లలు మూడొందల మంది. ఎవరికివ్వాలి? నాకు ముందున్న పెద్దావిడ ఈ దారం ఇచ్చి పోయింది. పదకొండు కేంద్రాల్లోనూ ఇదే దారం. ఒకళ్లది చూసి ఒకళ్లం కొలిచి తెంపుకున్నాం."

"మరి నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు కద సార్" అంది ఆవిడ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "మూడు రోజులు మా దగ్గర కూర్చున్నారు. ఫ్యాను ఎందుకు తిరగట్లేదని అడిగారు. టీలో పంచదార తగ్గించమన్నారు. నీలంవన్నీ ఒక కట్ట, తెల్లవన్నీ ఒక కట్ట కట్టి ఇచ్చాను. పిల్లకి నీలం కార్డు ఎందుకొచ్చిందని అడుగుతారేమో అని చూశాను. మీరు చాలా బిజీగా ఉన్నారు."

"ఫారంలో ఆ గడి లేదు" అన్నారు మా ఆయన.

ఆ మాట విన్నాక నేను వంటింట్లోకి వెళ్లి, పని ఏమీ లేకపోయినా, ఒక గ్లాసు కడిగాను. ఎందుకంటే ఆ నివేదికలో పట్టికలు గీసింది నేను. ఆయనకు గీతలు వంకర పోతాయి, నావి రూళ్లకర్ర పెట్టకపోయినా నిటారుగా వస్తాయి. కాలేజీలో మూడేళ్లు ఈ లెక్కలే చదువుకుని, ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు పాలవాడి లెక్క చూసుకున్న దాన్ని, పట్టికలు గీసిన ఆ నాలుగు వారాలూ నేనెంత సంబరపడ్డానో చెబితే నవ్వుతారు. కార్డుల్లో ఒక అంకె ఉండేది: మొదటిరోజు బరువు. నీలం కార్డు పిల్లలది మొదటిరోజే తక్కువ. పిండి ఒక్క చెంచా అయినా నోట్లోకి పోకముందే. "ఏమండీ, ఈ మొదటిరోజు బరువుకి కూడా ఒక గడి గీయనా?" అని అడిగాను. "పేజీ వెడల్పు చాలదు" అన్నారు ఆయన. పొయ్యి మీద పాలు పొంగాయి. వెళ్లి దించాను. మళ్లీ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి రిజిస్టరు తెరిచి ఉంది.

"నా కేంద్రంలో నీలం కార్డు పిల్లలు ముప్పై ఎనిమిది మంది సార్. కవర్ల పనిలో వేశాక కూడా ఆదివారాలు ఇళ్లకు పోయి చూసొస్తున్నాను. త్రాసు లాగేసుకున్నారు. దారం ఉంది కదా."

పేర్ల పక్కన చిన్న చిన్న టిక్కులు. ఐదు పేర్ల మీద అడ్డంగా గీత.

"వీళ్లు ఇల్లు మారారా అక్కా?" అన్నాను.

ఆవిడ ఆ గీతల మీద అరచెయ్యి వేసి మూసింది. "మారారమ్మా" అంది.

ఎక్కడికని నేను అడగలేదు. మా అత్తయ్య మడత పెడుతున్న తువాలు అలాగే ఒళ్లో ఉండిపోయింది.

అప్పుడు మా ఆయన గొంతు పెంచారు. పాతికేళ్ల ఉద్యోగంలో ఆయన అంత చక్కగా మాట్లాడి ఉండరు.

"పిండి ఆపినందువల్లే అని ఎలా చెప్తారు మీరు? ఒకదాని తర్వాత ఇంకోటి జరిగినంత మాత్రాన మొదటిదే కారణం అయిపోతుందా? ఈ ఏడు జ్వరాలు లేవా? వేసవిలో ఆ పేటకు నీళ్లు వచ్చాయా? అసలు మీరు చూసింది ఎవర్ని? నీలం కార్డు పిల్లల్ని. వాళ్లు మొదటినుంచీ బలహీనంగా ఉన్న..."

అక్కడ ఆగిపోయారు.

ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు. పరీక్షలో రాస్తే నూటికి నూరు వేయాల్సిన జవాబు. కాకపోతే పదకొండు నెలల కిందట రాయాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లను చూశాను గానీ, ఆ ఆకులు పట్టుకుని వాదించేవాళ్లను చూడటం అదే మొదలు.

"ఆగావేం రా?" అంది మా అత్తయ్య. "చెప్పు, మొదటినుంచీ బలహీనంగా ఉన్న... తర్వాత?"

"అమ్మా, నువ్వుండు."

"ఉండటానికేం, ఉంటూనే ఉన్నా, పోయే దారేదీ కనబడక. ఇలా చూడు." కర్ర అందుకుని నేలమీద ఒకసారి తాటించింది. "నేను కర్ర పట్టుకున్నప్పట్నించీ కుంటుతున్నానా, కుంటుతున్నానని కర్ర పట్టుకున్నానా?"

ఆయన బాతును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"నిన్నేరా, లెక్కలాయనా. నాకు చదువు లేదు, నువ్వే చెప్పు."

"కుంటుతున్నావనే కర్ర" అన్నారాయన, బాతు వంక చూస్తూ.

"మరి కర్రలున్నవాళ్లని ఒక వరసలో, లేనివాళ్లని ఒక వరసలో నిలబెట్టి పరుగు పెట్టించి, కర్రల వల్లే వీళ్లు వెనకబడ్డారని చెప్పి కర్రలు లాక్కున్నావట్రా? ఆ తెలివికేనా వాళ్లు గడియారం ఇచ్చింది?"

గడియారం ఐదు నిమిషాలు ముందుగా మూడున్నర కొట్టింది.

మా ఆయన లేచారు. చెప్పులు వెతుక్కున్నారు. "డైరెక్టరు గారింటికి పోయి చెప్తాను. ఇప్పుడే పోతాను. ఆ ఆర్డరు..."

"సార్, కూర్చోండి" అంది తూకం అక్క. "అది చెప్పడానికే అసలు వచ్చాను. శుక్రవారం, నిన్నా నా చేత్తో కవర్లు అంటించాను. రెండొందల పన్నెండు. మిగిలిన కేంద్రాలన్నిటికీ. పిండి ఆపమని. కింద మీ నివేదిక పేరు, మీ పేరు. అన్నీ అంటించాక గానీ ఒకటి తీసి చదవాలని నాకు తోచలేదు సార్."

"వెళ్లిపోయాయా?"

"నిన్న సాయంత్రం బండిలో వెళ్లాయి."

"రేపు పొద్దున్నే ఇంకో ఆర్డరు వేయిస్తే..."

"పిండి ఆడించే మరనే అమ్మేశారు సార్, పోయిన నెలలో. మర పెట్టిన షెడ్డులో ఇప్పుడు పాత కుర్చీలు వేశారు. మళ్లీ టెండరు, మళ్లీ మర... ఏడాది. తక్కువలో తక్కువ." బల్లమీది దారం వంక చూసి, "దారం కలిసే పిల్లలకి ఏడాది ఉండదు సార్" అంది.

ఆయన ఒక కాలికి చెప్పు వేసుకుని, ఒక కాలికి లేకుండా కూర్చున్నారు. నవ్వొచ్చే భంగిమే. ఎవరూ నవ్వలేదు.

వీధి తలుపు నేను వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది, మా ఆడపడుచు లోపలికి నడిచి వచ్చాక. స్నానం చేసి, పిల్లకు రెండు గుడ్డలు పట్టుకుని మళ్లీ వార్డుకు పోవాలని వచ్చింది. ఆరు రోజుల్లో మనిషి ముఖం పిడికెడైపోయింది. చేతిలో ఒక కాగితం.

"ఎలా ఉందే?" అంది మా అత్తయ్య.

"ఏడవట్లేదమ్మా. పొద్దుట్నించీ ఒక్కసారి కూడా ఏడవలేదు. నేను మంచిదే అనుకున్నాను. నర్సు మంచిది కాదంది." అంటూనే తూకం అక్కను చూసింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నువ్వెందుకొచ్చావ్ ఇక్కడికి?"

అక్క లేచి నిలబడింది.

"నాలుగు నెలలు! వారం వారం నా చేతిలో పొట్లం పెట్టి, పెట్టమ్మా పెట్టమ్మా అని కుక్కించావు కదా నా పిల్లకి. అన్నయ్య మానిపించాడు కాబట్టి ఇన్నాళ్లు బతికింది. నీ పిండి చేసిందే ఇదంతా. చూడ్డానికొచ్చావా?"

తూకం అక్క దారాన్ని మెల్లగా పిడికిట్లోకి తీసుకుంది. ఒక్క మాట చెబితే చాలు తన మీద పడ్డది తీసి అవతల పారేయవచ్చు. చెప్పలేదు. మా ఆయన వంక చూసింది, అంతే. పద్దెనిమిదేళ్లు ఒకరి బిడ్డల్ని ఎత్తి తూచినవాళ్లకు బరువు ఎప్పుడు మోయాలో తెలుస్తుంది కాబోలు.

"ఆవిడనేమీ అనకు" అన్నారు మా ఆయన.

"అనక? అనాల్సింది నన్ను కూడా. నేనే కదా పెట్టింది, నా చేత్తో." ఆమె కాగితం బల్లమీద పెట్టి, కళ్లు తుడుచుకుని, అన్నగారి జేబులోంచి కలం తీసుకుంది. చిన్నప్పట్నించీ ఆయన జేబులోంచి కలం తీసుకునే హక్కు ఆమెది. "సరే, అదంతా తర్వాత. ఇది నింపివ్వాలి అన్నయ్యా, రేపు పొద్దున పెద్ద డాక్టరు చూస్తాడట. అన్నీ రాశాను. పుట్టినప్పటి బరువు, పాలు ఎన్నాళ్లిచ్చాను, పిండి ఎప్పుడు మొదలుపెట్టాను, ఎప్పుడు మానేశాను. ఇదొక్కటే మిగిలింది. 'మానడానికి కారణం' అట. నువ్వు చెప్పు, రాస్తాను. నీకైతే మంచి మాటలు వస్తాయి. మా పేటలో తల్లులందరికీ నీ మాటలే చెప్పి ఇళ్లలో మిగిలిన పిండి కూడా మానిపించాను, నా అంతట నాకు అంత బాగా రావు."

ఈ ఫారంలో గడి ఉంది.

ఆయన దానివంక చూశారు. ఒక అంగుళం వెడల్పు గడి. పక్కనే రబ్బరు బాతు.

"రాయి" అన్నారు. "మా అన్నయ్య మానమన్నాడు కాబట్టి."

"అది కాదు అన్నయ్యా. కారణం అంటే, పిండి వల్ల..."

"పిండి వల్ల ఏం కాలేదు." ఆయన గొంతు ఎంత చిన్నదైపోయిందంటే అత్తయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "పిల్ల సన్నంగా ఉందని ఆవిడ నీలం కార్డు ఇచ్చింది. నేనేమో నీలం కార్డు ఉందని పిల్ల సన్నబడిందన్నాను. పిండిది తప్పు కాదు. ఆవిడది కాదు. పెట్టినందుకు నీదీ కాదు. నేను తప్పు కట్టాను. లెక్క నేను తప్పు కట్టానమ్మా."

పంతొమ్మిదేళ్లుగా ఈ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఎప్పుడైనా అంటే పండగ చేసుకుందామనుకున్నాను. తీరా అన్నాక, ఆయన నోరు చేత్తో మూసేద్దామనిపించింది.

మా ఆడపడుచు రాయలేదు. కలం గడి మీదే ఉంది, చిన్న సిరాచుక్క పెద్దదవుతోంది. ఆమె అన్నగారిని చూడలేదు, తిట్టలేదు. తలెత్తి, అందరినీ వదిలేసి నా వైపు తిరిగింది.

"వదినా. ఆ పట్టికలు గీసింది నువ్వే కదా? నన్ను పిలిచి మరీ చూపించావు, గీతలెంత తిన్నగా వచ్చాయో చూడమని. నువ్వూ ఈ లెక్కలే చదువుకున్నావు కదా. నీకు ఏమీ కనిపించలేదా?"

కనిపించలేదని చెబితే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది. మా ఆయన కూడా నమ్ముతారు, ఆయనకు ఆ రోజు గుర్తు కూడా ఉండదు. పొయ్యి మీద పాలు పొంగడం తప్ప సాక్ష్యం లేదు. కూరలో ఉప్పు, ఆరని బట్టలు, కనబడని తాళాలు, ఈ ఇంట్లో నేను చేయని తప్పులు ఎన్ని ఒప్పుకున్నానో. అబద్ధం నా నాలుకకు కొత్త కాదు.

"కనిపించింది" అన్నాను. "మొదటిరోజు బరువులు కనిపించాయి. ఒకసారి అడిగి ఊరుకున్నాను. పదకొండు నెలలుగా నాకు తెలుసు. తప్పు నాది."